గోలెం ఎవరి పేరు మీద

నడుము దాకా వేడినీళ్లలో కూర్చోవాలి, పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట అని జగిత్యాల ఎముకల డాక్టరు చెప్పిన నాటి నుంచి దేవమ్మకు మనసు మనసులో లేదు. మందులైతే ఆయన చీటీ మీద రాసిచ్చాడు. చీటీ చూపిస్తే దుకాణంవాడు ఇచ్చాడు. నీళ్లలో కూర్చోవడానికి మాత్రం ఏ చీటీ లేదు.

"పెద్దగ ఏమద్దమ్మా. ఇంటెనుక గుండ్రటి టబ్బు ఒక్కటి వెట్టుకోండ్రి. మనిషి మఠమేసుక కూసుంటే నీళ్లు నడుము దాక రావాలె. గంతే" అని ఆయన రెండు చేతులతో గాలిలో ఒక గుండ్రం గీసి చూపించాడు.

ఆ గుండ్రం ఎంతదో మరిచిపోతానేమోనని బస్సులో సిరిసిల్ల దాకా దేవమ్మ అదే గుండ్రాన్ని ఒళ్లో గీసుకుంటూ వచ్చింది. పక్కన కిటికీ దగ్గర ఆమె తమ్ముడు పరశురాములు కళ్లు మూసుకుని ఉన్నాడు. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా పెదవి కొరుక్కుంటున్నాడు.

అది ఎనభై ఎనిమిది చలికాలం. పరశురాములు నాలుగేళ్లు అడవిలో, ఎనిమిది నెలలు జైల్లో ఉండి వచ్చాడు. జైలుకు ముందు ఒక పదహారు రోజులు ఎక్కడో ఉంచారు. ఆ పదహారు రోజుల సంగతి అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. తొడల మీద కర్ర పెట్టి దొర్లించి ఉంటారని డాక్టరు ఒత్తి చూస్తూ అడిగిన తీరును బట్టి తెలిసింది. ఇప్పుడు ప్రతి సోమవారం ఠాణాకు పోయి సంతకం పెట్టాలి. ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. జగిత్యాల పోవడానికి కూడా కాగితం తెచ్చుకుని పోయారు.

తల్లి పోయేనాటికి వాడికి మూడేళ్లు, దేవమ్మకు పదిహేను. పెళ్లయి సిరిసిల్లకు వచ్చేటప్పుడు వాణ్ణి చంకనేసుకునే వచ్చింది. నాయన భివండికి సాంచల పనికి, మరమగ్గాలు నడపడానికి, పోతూ గుమ్మంలో నిలబడి "పండుగకస్త" అన్నాడు, ఆమె "మంచిది" అంది. ఆయన మళ్లీ రాలేదు. ఇరవై రెండేళ్లప్పుడు పరశురాములు "నూలు తీస్కొని అస్తనక్కా" అని సైకిలెక్కాడు. ఆమె తల కూడా ఎత్తలేదు, కండెలు చుట్టుకుంటూ "జెప్పన రా" అంది. వాడు మళ్లీ గుమ్మం తొక్కడానికి అయిదేళ్లు పట్టింది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు బయటికి పోతున్నా, భర్త సాంచల షెడ్డుకు పోతున్నా సరే, చేతిలో పని వదిలి మూల మలుపు తిరిగేదాకా నిలబడి చూడడం ఆమెకు అలవాటైంది.

ఈసారి వాడు పోకూడదు. ఆమెకు కావలసింది అదొక్కటే. కాళ్లు బాగైతే సాంచలు పట్టుకుంటాడు, సాంచలు పట్టుకుంటే ఊళ్లో ఉంటాడు. కాళ్లు బాగు కావాలంటే గుండ్రటి టబ్బు కావాలి.

మొదట సిరిసిల్లలోనే గిన్నెల దుకాణానికి పోయింది. రాగి గంగాళం పెద్దది ఒకటి తలకిందులుగా పెట్టి ఉంది. దాన్ని తిప్పించింది. చుట్టూ నడిచి చూసింది. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు పట్టుకుని లోపలికి దిగి కూర్చుంది.

"ఏందవ్వా, గంగాళం కొంటున్నవా, తులాభారమా?" అన్నాడు దుకాణంవాడు.

"మా తమ్ముడు నా అంతే ఉంటడు. పడ్తడా లేదా సూస్తున్న."

మోకాళ్లు గడ్డానికి తగిలాయి. లేవబోతే లేవరాలేదు. దుకాణంవాడు ఒక చెయ్యి, బేరానికి వచ్చిన ఇంకొకామె ఒక చెయ్యి పట్టి లేపారు. ఈ సంగతి దేవమ్మ కంటే ముందే ఇల్లు చేరింది. పక్కింట్లో బీడీలు చేసే ముత్తవ్వ గోడ మీదుగా అడిగింది, "దేవమ్మా, గంగాళంల కూసున్నవట గద, నీళ్లు పోసిండ్రా లేదా?"

"నవ్వుర్రి. నొప్పి ఎవలది?"

"గంత తిప్పలెందుకే? నీలం డ్రమ్ము దొరుకుతది. సగానికి కోపిస్తే అయిపాయె."

ఆ మాట అరుగు మీదున్న పరశురాములు చెవిన పడింది. "డ్రమ్ములద్దు" అన్నాడు. ఎప్పుడూ మెల్లగా మాట్లాడేవాడు ఆ మాట గట్టిగా అన్నాడు. ముత్తవ్వ లోపలికి పోయాక అక్కకు చెప్పాడు. "అడివిల సామాన్లు దాసేది డ్రమ్ములల్లనే, బూమిల పాతిపెడ్తరు. నా అసొంటోని ఇంట్ల డ్రమ్ము కనవడ్డదంటే వాళ్లు ఊకోరు. ఇంకేదన్న సూడు. లేకుంటే ఇడిసిపెట్టక్కా. దొరల గడీల ముంగట జెండాలు పాతినోన్ని, నన్ను దొరలెక్క తొట్ల కూసోవెడ్తనంటవు."

"దొరవైతే కాళ్లు నేనెందుకు ఒత్తుత, జీతగాండ్లు ఒత్తుదురు. సప్పుడు జెయ్యకు."

డ్రమ్ము వద్దనుకుంది. రేకు టబ్బు చూసింది. అంచు కోసుకుంటుందని భయపడింది. మేస్త్రీని పిలిచి ఇటుకలతో తొట్టి కట్టమంటే, నాలుగు మూలలుంటాయి, మూలలకు పాకుడు పడుతుంది, జారుతాడని అదీ వద్దంది. ఇట్లా ఇరవై రోజులు గడిచిపోయాయి.

"నువ్వు తొట్టి సూస్తున్నవా, పిల్లను సూస్తున్నవా?" అన్నాడు భర్త.

ఆయన పేరు ఆనందం. ఇరవై మూడేళ్ల కాపురంలో ఆ పేరు దేవమ్మ నోటి వెంట రాలేదు. భర్త పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని చిన్నప్పుడు నాయనమ్మ చెప్పింది. ముందే భయం మనిషి, దాన్ని దాటే ధైర్యం చెయ్యలేదు. ఆయన పేరే కాదు, ఆనందం అనే మాటే ఆమె నోటి నుంచి పోయింది. తమ్ముడి పలక మీద, పొట్లాల కాగితాల మీద కూడబలుక్కుని రాయడం రాకున్నా తనంతట తాను చదవడం నేర్చుకుంది కదా, పైకి చదువుతూ ఆ మాట దగ్గరికి వచ్చిందంటే 'సంతోషం' అని చదివేది. "అక్కా, గండ్ల గట్ల లేదు" అని పరశురాములు చిన్నప్పుడు పేచీ పెట్టేవాడు. "నాకు గట్లనే కనవడ్తంది" అనేది.

తొట్టి చివరికి కోరుట్లలో దొరికింది. ఆడబిడ్డ రాధమ్మకు పుట్టిన బిడ్డ నిలవలేదని తెలిసి చూడపోయింది దేవమ్మ. రాధమ్మ అప్పటికే లేచి తిరుగుతోంది. పెరట్లో బర్రె కుడితి తాగుతోంది. దేవమ్మ బర్రెను చూడలేదు, దాని మూతి ఉన్న సిమెంటు తొట్టిని, గోలేన్ని చూసింది. గుండ్రంగా, నున్నగా, అంచు బొటనవేలంత మందంగా ఒత్తి, ఏ సోకూ లేకుండా ఉంది. డాక్టరు గాలిలో గీసింది ఇదే.

"ఇది ఏడ తెచ్చిండ్రు రాధమ్మా?"

"రాజన్న దగ్గర. బాయి వరలు పోస్తడు, ఆయనే గోలేలు పోస్తడు. ఏం, బర్రెను కొంటున్నవా వదినె?"

"కాదు, తమ్మునికి."

రాధమ్మ డొక్కలు పట్టుకుని నవ్వింది. చాలా రోజులకు నవ్వినట్టుంది. "మా అన్నకు చెప్పు, గడ్డిమోపు గూడ తెమ్మని."

రాజన్న వాకిలి నిండా బావిలోకి దించే సిమెంటు వరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఓ పక్క గోలేలు. రాధమ్మ అతనికి వదినెను అప్పజెప్పి పాలు పిండే వేళైందని ఇంటికి పోయింది. దేవమ్మ ఒక్కో గోలెంలో చెయ్యి పెట్టి లోపలి గోడ నిమిరింది. మూడు అడుగుల దానిలో గోనెసంచి పరిపించుకుని మఠం వేసుకుని కూర్చుంది. ఈసారి మోకాళ్లు తగల్లేదు. లేచింది కూడా ఎవరి చెయ్యీ పట్టకుండా.

"గిసొంటిదే కావాలె. అడుగున నీళ్లు పోయేటందుకు తూము వెట్టాలె. మూత గూడ పొయ్యి."

"మూతెందుకు చెల్లె? గోలేనికి మూత ఎవలు వెడ్తరు?"

"ఆకులు వడ్తయి. పిల్లి వడ్తది. నీళ్లు సల్లారుతయి."

"నీ ఇష్టం. లేపేటందుకు రెండు ఇనుప కడెలు వెడ్త. పోసినంక పది దినాలు నీళ్లు వట్టాలె, అప్పుడు పంపిస్త. పేరు చెప్పు. పచ్చిమీదనే మొలతోని గీకుత. ట్రాక్టర్ల నాలుగూర్లయి పోతయి, పేరు లేకుంటే తారుమారైతయి."

"దేవమ్మ."

"ఆడోళ్ల పేరు రాస్తే ఎవలు గుర్తువడ్తరు? ఇంటాయన పేరు చెప్పు."

దేవమ్మ తల దించుకుంది. రాజన్నకు తెలిసిపోయింది. "మా ఇంట్లామెది గూడ గదే కథ. నా పేరు రాజన్న. ఏములాడ పోతది, ఆడ దేవుని పేరు గూడ రాజన్ననే గద, పలుకది. 'పెద్ద దేవుడా' అని మొక్కుతది. ఆ దేవుడు ఎవలనుకుంటడో ఏమో. సరే, పోలిక చెప్పు, నేను తెలుసుకుంట."

"గదే... సంతోషమంటరు గద."

"సంతోషమా? సంతోష్ కుమారా?"

"కాదు. గసొంటిదే."

"సంబురం?"

"సంబురమని పేరుంటదా అన్నా?"

"మరేంది? ఉల్లాసమా? మా తాన ఉల్లాసమని ఎవలు లేరు చెల్లె."

సిరిసిల్ల బస్సు వేళ దగ్గర పడింది. అది తప్పితే చీకటి పడ్డాక రోడ్డు మీద ఉండాలి. ఆ రోజుల్లో చీకటి పడ్డాక రోడ్డు మీద ఉండడానికి ఎవరికీ ధైర్యం లేదు. రాధమ్మను పిలుచుకొస్తే ఒక్క ముక్కలో అయిపోయేది. రాధమ్మ చెప్పొచ్చు, ఆమెకు అన్న. ఇల్లు రెండు గల్లీల అవతల. పోయి వచ్చేసరికి బస్సు పోతుంది. దేవమ్మ రోడ్డు వైపు చూసింది, రాజన్న చేతిలోని మొలను చూసింది.

"మా తమ్ముని పేరు రాయన్నా. కూసునేటోడు వాడే గద. కోడం పరశురాములు, సిరిసిల్ల."

చెప్పాక ఆమెకు బాగనిపించింది కూడా. ఇన్నేళ్లలో వాడి పేరు మీద ఒక వస్తువంటూ లేదు. బస్సులో కూర్చుని, ఇదే వాడి మొదటి సామాను, దీని వెనక మంచం, దాని వెనక పెళ్లాం అని లెక్క వేసుకుంటూ వచ్చింది.

పది రోజులకు గోలెం తేవడానికి ఆనందం పోయాడు. ట్రాక్టరు మీద గోలెం పక్కనే కూర్చుని వచ్చాడు. నలుగురు పట్టి ఇంటి వెనక దించారు. సిమెంటు మీద అక్షరాలు లోతుగా, వరుస తప్పకుండా ఉన్నాయి. దేవమ్మ వేలు పెట్టి చదువుకుంది. ఆనందానికి చదువు రాదు.

"తొవ్వల ఆపిండ్రు" అన్నాడు చెమట తుడుచుకుంటూ. "పోలీసు జమాన్లు. మూత లేపిచ్చి సూసిండ్రు. గిది ఎవలిదంటే నాదన్న. నీ పేరేందంటే చెప్పిన. గండ్ల ఒక జమాను గోలెం దిక్కు సూసిండు, నా దిక్కు సూసిండు, నవ్విండు. ఎందుకు నవ్విండో సమజ్ కాలే. దీని మీద రాసింది నా పేరే గద?"

దేవమ్మ అక్షరాల మీద నుంచి వేలు తీసేసింది. జరిగింది చెప్పింది. ఆయన ఆ అక్షరాలను బొటనవేలితో తడిమాడు.

"రాధమ్మను పిలువకపోయినవా?"

"బస్సు..."

"సరే. వానికి చెప్పకు. జమానుకు గదొక్కటే పనా, మర్సిపోతడు."

ఇద్దరూ కలిసి, పేరున్న వైపు గోడకు వచ్చేట్టు గోలేన్ని తిప్పి పెట్టారు.

ఆ తర్వాతి పదకొండు రోజులు ఆమె బతుకులో ఏ రోజులతోనూ పోల్చలేనివి. పొద్దున లేవగానే పొయ్యి మీద కాగు పెట్టేది. మోచేయి ముంచి చూసి, చన్నీళ్లు కలిపి, మళ్లీ మోచేయి ముంచి చూసి, అప్పుడు పిలిచేది. తడక చాటున పరశురాములు లుంగీతో గోలెంలోకి దిగేవాడు. మొదటి రోజు దిగీ దిగగానే ఒక పొడుగాటి ఊపిరి వదిలాడు. తడక ఇవతల నిలబడ్డ దేవమ్మ ఆ ఊపిరి విని కూలబడి ఏడ్చింది.

"అక్కా, ఏడుస్తున్నవా?"

"పొగ."

"పొయ్యి గక్కడుంటే పొగ గిక్కడికెట్ల అచ్చింది?"

"నీకెందుకు, కాళ్లు సాపు."

"గుండ్రటి దాంట్ల కాళ్లు ఎటు సాపాలె? నువ్వే మఠమేసుకొమ్మంటివి."

ఐదో రోజుకు అంచు పట్టుకోకుండా దిగాడు. ఎనిమిదో రోజు షెడ్డు దాకా నడిచి వచ్చాడు. తొమ్మిదో రోజు బావ సాంచ మీద తెగిన పోగును అతికాడట. ఇన్నేళ్లయినా వేళ్లు మరిచిపోలేదని ఆనందం అన్నం తింటూ మూడుసార్లు చెప్పాడు. "సాంచల ఆసామిని అడిగిన. పండుగైనంక రెండు సాంచలిస్తనన్నడు. నా పక్కవే."

"బావ పక్కనైతే నేను పనెప్పుడు జేస్త? బావ ముచ్చట్లు ఇనుడే సరిపోతది" అన్నాడు పరశురాములు. బావ నెత్తి మీద మొట్టాడు. ఇద్దరూ ఒకే పళ్లెంలో చెయ్యి పెట్టి తిన్నారు.

ఆ రోజుల్లోనే ఏదో ఒక పూట చెప్పి ఉండొచ్చు. వాడు నీళ్లలో ఉన్నప్పుడు తడక ఇవతలి నుంచి, ముఖం ముఖం చూసుకునే పని లేకుండా, తమ్మీ, గిట్ల తప్పు జరిగింది, గోలెం మీద నీ పేరుంది, సోమవారం ఠాణాల నువ్వే ముందు చెప్పుకో అని. నోటి దాకా వచ్చేది. చెబితే గోలెంలో దిగడం మానేస్తాడేమో, కాళ్లు మళ్లీ బిగుసుకుంటాయేమో. ఈ ఒక్క పూట కానీ, రేపు చెబుదాం అనుకునేది.

పన్నెండో రోజు సోమవారం. సంతకానికి పోయినవాడు జీపులో వచ్చాడు. మధ్యాహ్నం ఎండలో ఆరుగురు పెరట్లోకి వచ్చారు. ఎవరూ ఏమీ అడగకుండానే నేరుగా గోడ వైపుకు పోయి వంగి చూశారు.

"నీ పేరు మీద పోపిచ్చుకున్న గోలెం ఇంకోడు నాదని ఎందుకు తెచ్చిండు? మూతకు కడెలెందుకు? ఏం పాతుదామని?" జమేదారు పరశురాముల్ని అడిగాడు.

"తానం చేసేటందుకు సార్. డాక్టరు చీటీ ఉన్నది."

చీటీ చూశారు. దాని మీద మందుల పేర్లు ఉన్నాయి, టబ్బు మాట లేదు. గోలేన్ని పక్కకు దొర్లించి, గడ్డపారలతో కింద నడుము లోతు తవ్వారు. మట్టి తప్ప ఏమీ రాలేదు. ఏమీ దొరకనందుకు వాళ్ల కోపం తగ్గలేదు.

"రేపు పొద్దుగాల పదింటికి రా. పై సారు అస్తున్నడు, ఆయనతోని మాట్లాడు. నీ బావ గూడ."

దేవమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. నేను రాయించాను, మొగుని పేరు చెప్పకూడదని తమ్ముడి పేరు చెప్పాను అనాలి. అంటే నవ్వుతారో, నమ్ముతారో, ఆమెనే ఎక్కించుకుపోతారో. తలుపు చాటుకు జరిగింది. వాళ్లు కూడా ఆడమనిషిని ఏమీ అడగలేదు. జీపు పోయింది.

పరశురాములు గుంత అంచున కూర్చున్నాడు. షెడ్డు నుంచి పరుగెత్తుకొచ్చిన ఆనందం రొప్పుతూ నిలబడ్డాడు.

"గోలెం మీద నా పేరెవలు రాపిచ్చిండ్రు?" అడిగాడు పరశురాములు. కోపంగా కాదు, తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు.

దేవమ్మ నోరు తెరిచింది.

"నేనే" అన్నాడు ఆనందం. "నాకు సోయి లేకపాయె."

"డ్రమ్మే అద్దంటి గద బావా."

"డ్రమ్ము కాదు గద అనుకున్న."

పరశురాములు బావ ముఖంలోకి చూశాడు. పళ్లెం పంచుకున్న మనిషిని చూసిన చూపు కాదది. జైల్లో అటువంటి వాళ్లను చూసి ఉంటాడు, ఇంటి మనుషులే పట్టించిన వాళ్లను. కూర్చోబెట్టి తిండి పెట్టలేక, పెట్టనని చెప్పలేక, పేరు గీకించి పట్టించిన మనిషిని చూసినట్టు చూశాడు. లేచి లోపలికి పోయి రెండు అంగీలు సంచిలో పెట్టుకున్నాడు.

దేవమ్మ వెంట పోయింది. "ఏడికిరా?"

"రేపు పోతే మల్ల గా పదహారు దినాలేనక్కా. ఈసారి కాళ్లతోని పోదు."

"భివండి పోతవా? నాయన ఎరుకైనోళ్లు ఉంటరు."

"సూస్త."

"తమ్మీ, గా పేరు..." అంది ఆమె. అతను తల తిప్పి చూశాడు. ఆ కళ్లలో తన మీద మిగిలి ఉన్న నమ్మకం కనిపించింది. ఇంత పెద్ద లోకంలో వాడికి ఇప్పుడు అదొక్కటే ఉంది. అది కూడా లాగేస్తే వాడు ఏం పట్టుకుని పోతాడు? లేక తనను కాపాడుకోవడానికే అట్లా అనుకుందో. తర్వాత ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా ఆమెకు తేలలేదు. "గా పేరు ఏడ చెప్పకు. ఎవలడిగినా ఇంకో పేరు చెప్పు" అని మాట మార్చింది.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే షిఫ్టు మారింది. సాంచల మోత ఒక్కసారి ఆగి, గల్లీ నిండా లుంగీలు, టిఫిను డబ్బాలు, సైకిళ్లు. "పోయస్తనక్కా" అన్నాడు. అరుగు మీద కూర్చున్న బావ ముందు నుంచే నడిచాడు, తల తిప్పలేదు. ఆనందం లేచి నిలబడి రెండడుగులు వేశాడు, ఆగిపోయాడు. జనంలో కుంటుతున్న వీపు ఒకటి కొంతదూరం కనిపించింది. మలుపులో సైకిలు ఒకటి అడ్డం వచ్చింది. అది తప్పుకునేసరికి వీపు లేదు.

ఆమె లోపలికి వచ్చి, వెనకే వచ్చిన భర్తను అడిగింది. "ఎందుకట్లన్నవయ్యా?"

"నువ్వు వాని తల్లి అసొంటిదానివి. నీ మీద కోపం వెట్టుకొని పోతే మల్ల ఏడికస్తడు? నా మీదైతే ఏముంది, బామ్మర్దులకు బావల మీద ఉండేదే" అన్నాడు. గుమ్మం వైపు చూస్తూ, "గని గట్ల సూస్తడనుకోలే" అన్నాడు.

మర్నాడు ఆనందాన్ని పిలిపించుకుని మూడు రోజులు ఉంచుకుని పంపారు. కొట్టలేదన్నాడు. ఆయన వీపు మీద నీళ్లు పోసినప్పుడు ఆమెకు తెలిసింది. గుంత పూడ్చారు. గోలేన్ని తీసుకుపొమ్మని ముత్తవ్వకు ఇచ్చేశారు, ఆమె మేకలకు నీళ్లు పెట్టుకుంది. షెడ్డులో ఆసామి ఇస్తానన్న రెండు సాంచలు ఇంకొకరికి పోయాయి. మంచి ముచ్చట చెప్పకుండా పూట గడవని మనిషి, ఆనందం, అడిగితే తప్ప మాట్లాడడం మానేశాడు. బువ్వ తింటూ పళ్లెంలో పక్కకు చెయ్యి జరిపేవాడు, ఇంకో చేతికి జాగా ఇస్తున్నట్టు.

పరశురాములు భివండి చేరలేదు. నాయన ఎరుకైనవాళ్లు ఉత్తరం రాశారు, ఇక్కడికెవరూ రాలేదని.

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం గాజులమ్మే ఆమె వచ్చింది. చిన్న పిల్ల, ఇరవై ఏళ్లుంటాయో లేదో. గంప దించి దేవమ్మ చెయ్యి పట్టుకుని గాజులు ఎక్కిస్తూ, తల ఎత్తకుండా మెల్లగా అంది. "పరశన్న మంచిగున్నడు. చలికి కాళ్లు గుంజుతయి, గని నడుస్తడు. నేను మల్ల ఇటు రాను. ఏమన్న చెప్పాల్నా అక్కా?"

దేవమ్మ చెయ్యి లాక్కోబోతే ఒక గాజు పగిలింది. గది లోపల, ఆ రోజు జ్వరంతో షెడ్డుకు పోని ఆనందం పడుకుని ఉన్నాడు. ఆ మాటలు ఆయనకు వినిపించాయి. లేచి తలుపు దాకా వచ్చాడు. గాజుల పిల్లకు కనపడకుండా గోడకు ఆనుకుని, ఏడాదిగా ఒక్కసారి కూడా అడగని మాట అడిగాడు.

"ఇప్పుడన్న చెప్పు. నేను కాదని చెప్పు."

దేవమ్మ గాజుల పిల్లను అరుగు చివరికి తీసుకుపోయింది. పిల్ల గంప ఎత్తుకుని నిలబడింది, గల్లీ అటూ ఇటూ చూస్తోంది. చెప్పాల్సింది ఎంతో లేదు. నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలు ఈ పిల్ల నోటి వెంట అడవిలో వాడి చెవిలో పడతాయి. వాడు అప్పుడు ఎట్లా చూస్తాడో ఆమెకు కనిపించింది. బావను చూసిన చూపే, ఈసారి తన వైపు.

"వేడినీళ్ల కాపడం వెట్టుకొమ్మను" అంది దేవమ్మ. "బట్టను ముంచి, పిండి, తొడల మీద పరుసుకొమ్మను. నీళ్లు మోచేతితోని సూసుకొమ్మను, అరచెయ్యితోని కాదు. అరచెయ్యికి వేడి తెల్వది."

"ఇంకేమన్న?"

"గంతే."

పిల్ల తల ఊపి పోయింది. మలుపు దాకా దేవమ్మ చూస్తూ నిలబడింది. గంప మలుపు తిరిగాక చెప్పుల్లేకుండా ఉరికింది. మలుపు అవతల రెండు రిక్షాలు, నూలు బండి, ఇద్దరు ముసలోళ్లు ఉన్నారు. గాజుల గంప ఎటు పోయిందని అడిగితే ఇద్దరూ చెరో దిక్కు చూపించారు.

తిరిగి వచ్చేసరికి ఆనందం మంచం మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు.

"చెప్పినవా?"

"చెప్పిన" అంది.

ఆయన ముఖం జ్వరంలోనూ తేటపడింది. ఆకలైతుందన్నాడు. ఎన్నో రోజుల తర్వాత మారు అన్నం అడిగి పెట్టించుకున్నాడు. తింటూ, ఆసామి దగ్గర కొత్త సాంచలు దిగాయని, బామ్మర్ది వచ్చేనాటికి రెండు ఖాళీ చేయిస్తానని చెప్పుకొచ్చాడు. ఆమె అన్నం వడ్డిస్తూ విన్నది.

ఆ తర్వాత నెలకోసారో రెండు నెలలకోసారో, షెడ్డు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ ఆనందం అడిగేవాడు. "ఏమన్న కబురు వంపిండా?"

"లేదు."

"పంపుతడు తియ్. వానికిప్పుడు తెలిసె గద" అనేవాడు.